దోమ కుట్టింది చేతి మీద, వాచింది మెదడు: ఏడేళ్ళ మేనల్లుడి గురించి అడిగినవారికి

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. ఇదే బాధలో ఉన్న మరెవరైనా చదివితే వారికీ అర్థమవుతుంది. మీ అక్కగారి అబ్బాయికి ఏడేళ్ళు. ఊరి చుట్టూ వరి మడులు. జ్వరం వచ్చిన మూడో రోజు పొంతన లేని మాటలు మొదలయ్యాయి, ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. నాలుగు రోజులుగా ఐసీయూలో ఉన్నాడు. డెంగీ పరీక్షలో ఏమీ రాలేదు. వైరస్ వల్ల వచ్చిన మెదడువాపు కావచ్చని డాక్టర్లు అంటున్నారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. దోమ ఎక్కడో చేతి మీదో కాలి మీదో కుడితే వైరస్ మెదడులోకి ఎలా వెళ్ళింది, పిల్లవాడు మళ్ళీ మునుపటిలా అవుతాడా, మూడేళ్ళ చెల్లెలికి కూడా అంటుతుందా, మిగతా దోమ వైరస్‌లు కూడా ఇలాగే చేస్తాయా అని అడిగారు.

సూటిగా చెప్పాల్సినవి ముందు చెబుతాను. అది దోమలు మోసుకొచ్చిన మెదడువాపే అయితే అన్న నుంచి చెల్లెలికి అంటదు. పక్కన పడుకున్నా, ముద్దు పెట్టుకున్నా, ఒకే కంచంలో తిన్నా రాదు. ఇక పిల్లవాడి సంగతి. ఈ జాతి వైరస్‌లను నేరుగా చంపే మందు ఈ రోజుకీ లేదు. అంతమాత్రాన చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ఫిట్స్ ఆపడం, మెదడులో ఒత్తిడి తగ్గించడం, ఊపిరి నిలబెట్టడం, రక్తంలో చక్కెర, ఉప్పు సరిగా ఉంచడం, ఇవన్నీ ఎంత జాగ్రత్తగా చేస్తే అంత మెదడు మిగులుతుంది. మునుపటిలా అవుతాడా అన్నదానికి నాలుగో రోజున ఎవరూ జవాబు చెప్పలేరు. పిల్లల మెదడు నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాది దాటాక కూడా కోలుకుంటూనే ఉంటుంది. అందుకని ఐసీయూ అద్దంలోంచి చూసి ఇక ఇంతేనని మీ అక్కగారిని నమ్మనివ్వకండి.

నేను పిల్లల వైద్యురాలిని. 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో అనంతపురం జిల్లాలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ప్రబలినప్పుడు నేను హౌస్ సర్జన్‌ని. మంచాలు చాలక ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లల్ని పడుకోబెట్టిన ఆ వార్డును చూశాకే ఈ వ్యాధి నా మనసులోంచి పోలేదు. అప్పటి నుంచి పిల్లల వార్డుల్లోనే ఉన్నాను. మీ పిల్లవాణ్ణి నేను చూడలేదు కాబట్టి, నేను రాసేది అక్కడ చూస్తున్న డాక్టర్ల మాటకు పోటీ అనుకోవద్దు. వాళ్ళు చెప్పేది మీకు అర్థం కావడానికే ఇది.

మన ప్రాంతంలో వరి మడుల పక్క ఊళ్ళో పిల్లవాడికి ఇలా వచ్చిందంటే మొదట గుర్తొచ్చేది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. మన పల్లెల్లో మెదడువాపు వ్యాధి అంటే ఇదే. 1935లో జపాన్‌లో చనిపోయిన ఒక రోగి మెదడు నుంచి ఈ వైరస్‌ను వేరుచేశారు. మన దేశంలో 1955లో వేలూరులో తొలిసారి గుర్తించారు. 2005లో గోరఖ్‌పూర్ చుట్టుపక్కల తూర్పు ఉత్తరప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయాక గానీ దేశం దీన్ని గట్టిగా పట్టించుకోలేదు. మరుసటి ఏడాదే టీకాలు మొదలయ్యాయి.

ఇక దోమ కాటు నుంచి మెదడు దాకా జరిగే ప్రయాణం. ఆడ దోమ రక్తం పీల్చేటప్పుడు చర్మంలోకి కాస్త లాలాజలం వదులుతుంది, వైరస్ ఉండేది అందులోనే. చర్మంలో కాపలా ఉండే రోగనిరోధక కణాలు దాన్ని పట్టుకుంటాయి. చిక్కేమిటంటే, పట్టుకున్న కణాల్లోనే అది పెరుగుతుంది. అక్కడి నుంచి లింఫు గ్రంథులకు, అక్కడి నుంచి రక్తంలోకి వస్తుంది. చాలామందిలో ఒంటికి ఏమీ తెలియకుండానే ఇది ఇక్కడితో ఆగిపోతుంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ సోకిన సుమారు 250 మందిలో ఒక్కరికే మెదడు జబ్బు చేస్తుంది. మిగతావాళ్ళలో చాలామందికి అది సోకిందన్న సంగతే తెలియదు. దోమ కుట్టిన నాటి నుంచి జ్వరం వచ్చే దాకా 4 నుంచి 14 రోజులు పడుతుంది. కాబట్టి నిన్న ఎక్కడ పడుకున్నాడు, మొన్న ఎవరింటికి వెళ్ళాడు అని మీలో మీరు తప్పులు వెతుక్కోవాల్సిన పని లేదు.

మెదడుకు పోయే రక్తనాళాల గోడలు శరీరంలో మిగతా చోట్ల ఉన్నట్టు ఉండవు. కణానికీ కణానికీ మధ్య సందు లేకుండా కుట్టేసినట్టుంటాయి. తల్లిదండ్రులకు చెప్పేటప్పుడు దీన్ని నేను పొలం గట్టుతో పోలుస్తాను. గట్టు గట్టిగా ఉన్నంతవరకు పక్క మడిలో నీరు ఇటు రాదు. రక్తంలో వైరస్ పెరిగి, దాన్ని ఎదుర్కోవడానికి శరీరం విడుదల చేసే రసాయనాలు కూడా పెరిగిపోయినప్పుడు ఆ గట్టుకు గండి పడుతుంది. ఒక్కోసారి గండి పడకముందే వైరస్ నాళాల గోడ కణాల గుండా లోపలికి దూరుతుంది, లేదా తెల్ల రక్తకణాల్లో దాగి దాటిపోతుంది. లోపలికి వెళ్ళాక నాడీకణాల్లో పెరిగి వాటిని చంపుతుంది. మెదడుకు సొంతంగా ఉండే కాపలా కణాలు, వాటిని మైక్రోగ్లియా అంటారు, రెచ్చిపోయి రసాయనాలు కురిపిస్తాయి. ఆ రసాయనాలకు వైరస్ సోకని నాడీకణాలు కూడా బలవుతాయి. మెదడు వాస్తుంది, పుర్రె మాత్రం సాగదు. ఒత్తిడి పెరుగుతుంది. వాంతులు, తలనొప్పి, మత్తు, చివరికి ఊపిరి లయ తప్పడం, అన్నీ ఆ ఒత్తిడి వల్లే.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు మెదడులో కొన్ని చోట్లంటే మరీ మక్కువ. నట్టనడుమ థాలమస్ అని రెండు ముద్దలుంటాయి, ఒంటి నుంచి వచ్చే కబుర్లన్నీ దాదాపు అక్కడ దిగి పైకి వెళ్ళాలి. ఎమ్మారైలో రెండు వైపులా థాలమస్ తెల్లగా మెరుస్తూ కనిపిస్తే మేము మొదట దీన్నే అనుమానిస్తాం. దాని పక్కనే కదలికలను అదుపు చేసే భాగాలు కూడా దెబ్బతింటాయి. అందుకే ముసలివాళ్ళలో చూసే పార్కిన్సన్ జబ్బు లక్షణాలు ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో కనిపిస్తాయి. ముఖంలో కదలిక ఉండదు, కనురెప్ప కొట్టడం తగ్గిపోతుంది, చొంగ కారుతుంది, చేయి వంచబోతే పళ్ళ చక్రంలా ఆగి ఆగి వంగుతుంది. తల్లి వచ్చి పేరు పెట్టి పిలిచినా ఆ ముఖంలో ఏమీ కనిపించదు. బిడ్డ నన్ను గుర్తుపట్టడం లేదని తల్లులు ఏడుస్తారు. చాలాసార్లు వాడు గుర్తుపడతాడు, ముఖం కండరాలు మాట వినవు, అంతే. మీ అక్కగారికి ఈ రెండు మాటలూ తప్పకుండా చెప్పండి. వాడితో మాట్లాడటం మానవద్దని కూడా చెప్పండి. మరికొందరిలో వెన్నుపాములోని కదలిక కణాలు దెబ్బతిని ఒక కాలో చేయో పోలియోలో లాగా వేలాడిపోతుంది.

వెన్నులో నీరు తీశారని భయపడుతున్నారు. నేను చూసిన ప్రతి పది కుటుంబాల్లో ఏడెనిమిది ఇక్కడే ఆగిపోతాయి, వెన్నులో సూది గుచ్చితే నడుము పడిపోతుందని ఎవరో చెప్పి ఉంటారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. సూది వెళ్ళేది దానికి బాగా కింద, విడివిడి నరాల పోగులు నీటిలో తేలే చోటికి. మెదడులో ఒత్తిడి మరీ ఎక్కువగా ఉందనిపిస్తే ఆ పని వెంటనే చేయరు, ముందు ఒత్తిడి తగ్గిస్తారు. పరీక్షగొట్టంలోకి చుక్కచుక్కగా పడే ఆ నీటిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడటం నాకు అలవాటు. బావి నీళ్ళలా తేటగా ఉంటే వైరస్ వైపు ఆలోచిస్తాం. బియ్యం కడిగిన నీళ్ళలా మబ్బుగా ఉంటే బ్యాక్టీరియా వల్ల వచ్చిన మెదడు పొరల వాపు, దానికి యాంటీబయాటిక్స్ ఆ క్షణమే మొదలవ్వాలి. ఆ కాసిని చుక్కల కోసం ఒప్పుకోని కుటుంబాలను గంటల తరబడి బతిమాలిన రోజులున్నాయి.

ఆ నీటిలో, వైరస్‌తో పోరాడటానికి శరీరం తయారుచేసే ఐజీఎం అనే ప్రతిరక్షకాలను వెతుకుతారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తయారుచేసే కిట్లతోనే మన ప్రభుత్వ ప్రయోగశాలల్లో ఈ పరీక్ష జరుగుతుంది. మొదటి కొద్ది రోజుల్లో ఇది నెగటివ్ రావచ్చు, దాంతో జబ్బు లేదని తీర్మానించకూడదు. వారం, పది రోజులకు మళ్ళీ చేయాలి. నేరుగా వైరస్ కోసం చేసే పీసీఆర్ పరీక్షలో ఈ వైరస్ తరచుగా దొరకదు, ఎందుకంటే పిల్లవాడికి స్పృహ తప్పే నాటికి రక్తంలోంచి వైరస్ వెళ్ళిపోయి ఉంటుంది. ఇంకొక చిక్కు, డెంగీ వైరస్, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ ఒకే కుటుంబానివి. ఒకదాని ప్రతిరక్షకాలు ఇంకొకదాని పరీక్షలో కనిపించి తికమక పెడతాయి. అందుకే రక్తం ఫలితం కన్నా వెన్ను నీటి ఫలితానికి ఎక్కువ విలువ ఇస్తాం.

ఇప్పుడు ఈ సమాధానం మొత్తంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. జ్వరం, స్పృహలో మార్పు కలిసి వచ్చిన పిల్లవాడికి ఇది దోమ వైరస్సే అని ముందే ఖాయం చేసుకోకూడదు. ఇదే రూపంలో వచ్చి, మందుకు లొంగే జబ్బులు కొన్ని ఉన్నాయి. హెర్పిస్ వైరస్ మెదడువాపుకు దోమతో సంబంధమే లేదు, దానికి ఎసైక్లోవిర్ అనే మందు ఉంది, ఆలస్యమైతే జ్ఞాపకశక్తి పోతుంది. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ గానీ అజిత్రోమైసిన్ గానీ ఇస్తే బాగవుతుంది. చంకలోనో గజ్జల్లోనో చర్మం మీద సిగరెట్ కాలినట్టు నల్లని మచ్చ ఉందేమో బట్టలు విప్పి చూడాలి. మెదడుకు ఎక్కిన మలేరియా దోమ తెచ్చేదే కానీ వైరస్ కాదు, ఆర్టిసునేట్ ఇంజెక్షన్‌తో తగ్గుతుంది. పాడేరు, అరకు వంటి ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చిన పిల్లవాడికి ఈ పరీక్ష చేయకపోతే అది క్షమించరాని తప్పు. మీరు ఐసీయూ డాక్టరును అడగాల్సింది ఇదే: మలేరియా, స్క్రబ్ టైఫస్, హెర్పిస్, క్షయ, ఈ నాలుగింటినీ చూశారా, ఫలితాలు వచ్చే లోపు వాటికి మందులు నడుస్తున్నాయా? బాగా చూసుకునే డాక్టరు ఈ ప్రశ్నకు చిన్నబుచ్చుకోరు.

డెంగీ నెగటివ్ అన్నారు కాబట్టి దాని గురించి తక్కువే చెబుతాను. డెంగీ కూడా మెదడును ఇబ్బంది పెడుతుంది, అయితే ఎక్కువసార్లు దారి వేరు. రక్తనాళాల్లోంచి నీరు కారిపోయి రక్తపోటు పడిపోవడం, కాలేయం దెబ్బతినడం, సోడియం తగ్గడం, రక్తస్రావం, వీటి వల్ల మెదడు మందగిస్తుంది. వైరస్ నేరుగా మెదడులో చేరిన కేసులూ ఉన్నాయి, అవి తక్కువ. డెంగీ జ్వరం తగ్గుముఖం పట్టిన రోజునే పిల్లవాడు మత్తుగా, చికాకుగా మారితే జ్వరం తగ్గిందని సంబరపడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఉప్పు లేని గ్లూకోజ్ సీసాల గురించి చెప్పకుండా ఉండలేను. కొన్నేళ్ళ కిందట ఆరేళ్ళ పాప మా దగ్గరకు వచ్చేసరికి రెండు రోజులుగా ఒక చోట వట్టి గ్లూకోజ్ సీసాలు ఎక్కించారు. నీరసంగా ఉంది కదా, బలం వస్తుందని. రక్తంలో సోడియం పడిపోయి, వాచిన మెదడులోకి నీరు ఇంకా లాగింది, ఫిట్స్ ఆగలేదు. ఆ పాప దక్కలేదు. ఆ రెండు రోజులు దక్కి ఉంటే అని ఈ రోజుకీ అనుకుంటాను. మెదడువాపు అనుమానం ఉన్న పిల్లలకు ఎక్కించే సెలైన్‌లో ఉప్పు తగినంత ఉండాలి. చిన్న క్లినిక్కుల్లో పనిచేసే సోదర వైద్యులు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి గుర్తుంచుకోండి.

మిగతా దోమ వైరస్‌ల సంగతి కూడా అడిగారు. చికున్‌గున్యా అంటే కీళ్ళ నొప్పులే అనుకుంటారు. 2006లో అది మన జిల్లాలను ఊపేసినప్పుడు మేము ఇంకొకటి చూశాం. కాన్పు నాటికి తల్లికి జ్వరం ఉంటే, బిడ్డ పుట్టినప్పుడు చక్కగా ఏడ్చి పాలు తాగుతుంది. నాలుగైదు రోజులకు జ్వరం, పాలు మానేయడం, ఫిట్స్. తరువాత ముక్కు మీద, పొట్ట మీద మసి పూసినట్టు నల్లబారుతుంది. ఆ నలుపు మచ్చలు చూసి జబ్బు పట్టుకోవడం మాకు ఆ ఏడాది వార్డే నేర్పింది. నిండు గర్భిణికి జ్వరం వస్తే కాన్పు చేసే డాక్టరుకు, పిల్లల డాక్టరుకు ఇద్దరికీ చెప్పాలి. పుట్టిన బిడ్డను కనీసం వారం రోజులు కళ్ళల్లో పెట్టుకుని చూసుకోవాలి.

జికా వైరస్‌ను 1947లో ఉగాండాలోని జికా అడవిలో కనుగొన్నారు. చాలా ఏళ్ళు దాన్ని మామూలు జ్వరమే అనుకున్నారు. 2015లో బ్రెజిల్‌లో తల చిన్నదిగా ఉన్న పిల్లలు పుట్టడం మొదలయ్యాక గానీ అసలు సంగతి బయటపడలేదు. గర్భంలో ఉన్న బిడ్డ మెదడు తయారవుతున్నప్పుడు, నాడీకణాలుగా మారబోయే తొలి కణాలనే అది చంపుతుంది. మన దేశంలో 2017లో అహ్మదాబాద్‌లో, 2018లో జైపూర్‌లో, 2021లో కేరళ, కాన్పూర్‌లలో కేసులు వచ్చాయి. వెస్ట్ నైల్ వైరస్ ఎక్కువగా అరవై దాటినవారి నాడులను దెబ్బతీస్తుంది. సోకిన 150 మందిలో ఒకరికి మెదడు దాకా వెళ్తుందని లెక్క. కేరళలో అది ఉంది, 2019లో మలప్పురం జిల్లాలో ఒక బాలుడు దానితో చనిపోయాడు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు మాత్రం దీన్ని గుర్తుపెట్టుకోవాలి. 1999లో న్యూయార్క్‌లో కనిపించింది మొదలు ఇప్పుడు అక్కడ దేశమంతటా ఉంది. వేసవిలో పిల్లల దగ్గరకు వెళ్ళే మన పెద్దవాళ్ళకు సాయంత్రం నడకప్పుడు నిండు చేతుల బట్టలు, దోమల క్రీము అవసరం.

వైరస్ మెదడులోకి పోకుండానే నరాలను పాడుచేసే దారి కూడా ఒకటుంది. జికా, చికున్‌గున్యా, డెంగీ తగ్గిన ఒకటి రెండు వారాలకు, వైరస్ కోసం తయారైన రోగనిరోధక శక్తి పొరపాటున మన నరాల మీది పొరనే కొరకడం మొదలుపెడుతుంది. దీన్ని గులియన్ బారీ సిండ్రోమ్ అంటారు. కాళ్ళలో తిమ్మిరి, మెట్లెక్కలేకపోవడం, తరువాత చేతులు, తరువాత మింగడం, ఊపిరి. మనిషి స్పృహలోనే ఉంటాడు, అందుకే ఇంట్లోవాళ్ళు నీరసం అనుకుంటారు. జ్వరం తగ్గాక కాళ్ళ నుంచి పైకి పాకే బలహీనత కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. దీనికి చికిత్స ఉంది, ఇమ్యునోగ్లోబులిన్ గానీ ప్లాస్మా మార్పిడి గానీ. చాలామంది లేచి నడుస్తారు.

తెలుగువాళ్ళు మరచిపోకూడని ఇంకొక పేరు చాందీపురా. ఇది దోమ తెచ్చేది కాదు, దోమ కన్నా చాలా చిన్నదైన ఇసుక ఈగ తెస్తుంది. 1965లో మహారాష్ట్రలో చాందీపురా అనే ఊరి పేరుతో దీన్ని గుర్తించారు. 2003 వేసవి చివర, జూన్ నుంచి ఆగస్టు దాకా, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చింది, 183 మంది చనిపోయారు. పొద్దున ఆడుకున్న పిల్ల మర్నాటికి లేదు. 2024లో గుజరాత్‌లో మళ్ళీ తలెత్తింది. గోడల పగుళ్ళు, పశువుల కొట్టాల మట్టి దీనికి నెలవు. పగుళ్ళు మెత్తి పూయడం, పిల్లల్ని నేల మీద పడుకోబెట్టకపోవడం, ఇంతకు మించిన మందు దీనికి ఇంకా రాలేదు.

చికిత్సకు వస్తాను. బంధువుల్లో ఎవరో ఒకరు ఖరీదైన ఇంజెక్షన్ పేరు తెస్తారు, పొలం అమ్మి అయినా తెప్పిద్దామంటారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్‌ను థాయ్‌లాండ్‌లో, ఇంటర్ఫెరాన్‌ను వియత్నాంలో పద్ధతిగా పరీక్షించి చూశారు. రెండింటి వల్లా మరణాలు తగ్గలేదు. అందుకని మీ డాక్టరు అటువంటివి రాయకపోతే లోపం చేస్తున్నారని అనుకోవద్దు. తల వైపు మంచం ముప్పై డిగ్రీలు ఎత్తి ఉంచడం, ఫిట్స్ మందు గంట తప్పకుండా ఇవ్వడం, రెండు గంటలకొకసారి పక్క మార్చడం, గొంతులో చొంగ పీల్చి తీయడం, ఇవే అక్కడ ప్రాణం నిలిపేవి. పక్క మార్చే పనిలో, కాళ్ళూ చేతులూ మెల్లగా వంచి చాపే పనిలో ఇంటివాళ్ళకు కూడా చోటివ్వమని నర్సును అడగండి. వైద్య ఖర్చు విషయంలో ఆరోగ్యశ్రీ కింద వస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ఈ రోజే కలవండి.

కోలుకోవడం గురించి దాచకుండా చెబుతాను. మెదడు దాకా వెళ్ళిన జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌లో నూటికి 30 మంది దాకా చనిపోతారు. బతికినవారిలో నూటికి 30 నుంచి 50 మందికి ఏదో ఒక లోపం మిగులుతుంది. ఆ అంకెల్లో మీ పిల్లవాడు ఎటు ఉన్నాడో ఆ అంకెలే చెప్పలేవు. ఒక ఎనిమిదేళ్ళ అబ్బాయి పదకొండు రోజులు కళ్ళు తెరవలేదు. తెరిచాక మూడు వారాలు శూన్యంలోకి చూసేవాడు. వాళ్ళమ్మ రోజూ వాణ్ణి నిలువుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, రాగి జావ చెంచాతో పోసేది. పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని మా నర్సు నేర్పింది, ఆవిడ ఒక్కరోజూ తప్పలేదు. రెండో నెలలో వాడు స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. చేతులు వణికి సగం నీళ్ళు చొక్కా మీదే పడ్డాయి, మిగతా సగం తాగాడు. ఐదో నెలలో గోడ పట్టుకుని నడిచాడు. ఏడాది తరువాత బడికి వెళ్ళాడు, ఒక తరగతి వెనక. లెక్కలు రావు, కోపం ఎక్కువ, చిన్నదానికే వస్తువులు విసురుతాడు. బడిలో పంతులుగారు మొదట కొట్టారు. ఆ కోపం వాడి స్వభావం కాదు, మెదడు ముందు భాగానికి తగిలిన దెబ్బ అని నేను కాగితం మీద రాసిచ్చాక మానేశారు.

ఆ అబ్బాయిని చూశాక డిశ్చార్జి రోజున నేను తప్పనిసరిగా రాసిచ్చే కొన్ని విషయాలు మీకూ చెబుతాను. ఫిట్స్ మందు ఎన్నాళ్ళో రాయించుకోండి, బాగున్నాడని మీ అంతట మీరు ఆపవద్దు. వినికిడి, చూపు పరీక్ష చేయించాలి. ఫిజియోథెరపీ ఇంటికి వెళ్ళాక కాదు, ఆసుపత్రిలో ఉండగానే మొదలవ్వాలి, లేకపోతే పాదాలు కిందికి వంగి బిగుసుకుపోతాయి. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల కోసం డీఈఐసీ అనే సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, అక్కడ మాట, నడక నేర్పేవాళ్ళు ఒకే చోట ఉంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం మండలంలో ఎక్కడుందో బడిలో అడగండి. లోపం మిగిలితే సదరం అనే వైకల్య ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడవద్దు, పింఛను, బస్సు రాయితీ దానితోనే వస్తాయి. ఈ సంగతులు చెప్పేవారు లేక ఇళ్ళలో మంచాన మిగిలిపోయిన పిల్లల్ని ఊళ్ళకు వెళ్ళినప్పుడు నేను చూశాను. వాళ్ళలో కొందరు లేచి నడవగలిగేవాళ్ళే.

చెల్లెలి విషయం. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌లో మనిషి రక్తంలో వైరస్ కొద్దిగానే, కొద్ది రోజులే ఉంటుంది, దోమ దాన్ని మనిషి నుంచి తీసుకుని ఇంకొకరికి ఇవ్వలేదు. ఈ వైరస్ పెరిగేది పందుల్లో, కొంగల్లో. క్యూలెక్స్ జాతి దోమ వరి మడిలో నిలిచిన నీటిలో పుట్టి, చీకటి పడ్డాక కొట్టాల మీద, వాటి పక్క ఇళ్ళ మీద పడుతుంది. డెంగీ దోమ దీనికి పూర్తిగా తిరగేసిన రకం. అది ఇంట్లో కూలర్లో, పూలకుండీ పళ్ళెంలో, పాత టైర్లో మంచినీటిలో పుట్టి పగలు కుడుతుంది, మనిషి నుంచి మనిషికే మోస్తుంది. డెంగీ రోగిని దోమతెరలో పడుకోబెట్టమనేది అందుకే. మీ ఊరికి మాత్రం రాత్రి దోమతెర, సాయంత్రం నిండు బట్టలు, పందుల దొడ్లు ఇళ్ళకు దూరంగా ఉండటం ముఖ్యం. మడిలో నీరు ఎప్పుడూ నిలపకుండా మధ్యమధ్య ఆరబెట్టి మళ్ళీ పెట్టే పద్ధతిలో దోమ పిల్లలు చాలా తగ్గుతాయి, పంటకూ నష్టం ఉండదు. మీ బావగారు రైతు అయితే వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకోవచ్చు.

ఆ పాపకు టీకా పడిందో లేదో ఈ రోజే కార్డు తీసి చూడండి. ఈ వ్యాధి ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ప్రభుత్వం ఉచితంగా రెండు డోసులు ఇస్తుంది, 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి. కార్డులో జేఈ అని రాసి ఉంటుంది. రెండో డోసు తప్పిపోయిన పిల్లలు చాలామంది ఉంటారు, తట్టు టీకా పడింది కదా అని ఇదీ పడిందనుకుంటారు. మీ జిల్లా ఆ జాబితాలో ఉందో లేదో ఏఎన్‌ఎం చెబుతారు. లేకపోతే పిల్లల డాక్టరు దగ్గర వేయించుకోవచ్చు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ 2013లో తెచ్చిన జెన్‌వ్యాక్ టీకా కోలార్‌లో దొరికిన మన దేశపు వైరస్ నుంచే తయారైంది.

చివరగా, ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు. జ్వరంలో ఉన్న పిల్ల తల్లిని గుర్తుపట్టకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా, లేపితే లేవకపోయినా గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి వెళ్ళకండి. ఆ పూట విలువ ఎంతో నేను ఎన్నోసార్లు లెక్కపెట్టాను. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టవద్దు, నోట్లో చెంచా దూర్చవద్దు, నీళ్ళు పోయవద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర బట్ట వదులు చేసి, గడియారం చూసుకుంటూ 108కి ఫోను చేయండి. ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్ సాగేకొద్దీ మెదడుకు నష్టం చేయవచ్చు. దగ్గరలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటే ముందు అక్కడ ఫిట్స్ ఆపే మందు వేయించుకుని అప్పుడు పెద్దాసుపత్రికి కదలండి. వంద కిలోమీటర్ల దారంతా ఫిట్స్‌తో వచ్చే పిల్లవాడికి, ఆపించుకుని వచ్చే పిల్లవాడికి తేడా మేము గుమ్మంలోనే గుర్తుపడతాం.

వెన్ను నీటి ఫలితం రాగానే, ఎమ్మారై తీస్తే అందులో రాసిన మాటలు కూడా ఇక్కడ పెట్టండి, పిల్లవాడి పేరు, ఆసుపత్రి పేరు తీసేసి. పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడా, నొప్పి తగిలిస్తే చేయి లాక్కుంటున్నాడా, ఫిట్స్ ఆగి ఎన్ని గంటలైంది, ఈ మూడూ కూడా రాయండి. నేను రాత్రి డ్యూటీ అయ్యాక చూస్తాను.